పంటికింద ఇసుక

సెయింట్ వెండెలిన్, కాన్సస్
1974 జూన్ 9, ఆదివారం

తమ్ముడు లియోకి అక్క ఆల్వీనా దీవెనలు.

నువ్వూ క్లారా కులాసా అని తలుస్తాను. నాకు మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. చర్చిలో మోకరిల్లడం వరకే నా పని, లేవదీయడం వెనక బెంచీ వాళ్ళ పని. ఊరి గుమస్తాని, కుళాయిల పెత్తనం నాది, కనక మర్యాదగానే లేపుతున్నారు.

ఇక అసలు సంగతి. ఊరి బోరు పోయేలా ఉంది. పొద్దున గంటసేపు నీళ్ళు పోస్తుంది, ఆ తర్వాత గంటసేపు దగ్గుతుంది. రాష్ట్ర సర్వే ఆఫీసు నుంచి మిస్ హాలోవెల్ అనే ఆవిడ వచ్చి, టేపు దించి కొలిచి, వచ్చే వేసవి దాకా ఈ బోరు ఆగదని చెప్పింది. అరవై మూడు ఇళ్ళు, ఒక బడి, ఒక చర్చి. నీళ్ళు లేకపోతే ఊరు ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడే రెండిళ్ళ ముందు అమ్మకం బోర్డులు లేచాయి.

ఊరికి ఒక్క బోరు వేయించే స్తోమతే ఉంది. రెండు చోట్లు అనుకుంటున్నారు. ఒకటి ధాన్యం గిడ్డంగి వెనక. అక్కడ ఇసుక ఉందిగాని మరీ పలచన, పదేళ్ళు కూడా రాదేమో అంటోంది హాలోవెల్. రెండోది జేకబ్ వాళ్ళ మేత బీడు. అక్కడ 1952లో నువ్వు పరీక్ష బోరు వేశావు కదా, ఆ కాగితం బీరువాలోంచి తీశాను. తొంభై అడుగుల నుంచి నూట డెబ్భై దాకా బంకమట్టి, బంకమట్టి, బంకమట్టి అని రాసి ఉంది. అంతే, బీడు సంగతి అందరూ వదిలేశారు. లియో వీగల్ బంకమట్టి అన్నాడంటే అది బంకమట్టే అన్నాడు మేయరు. నాకు ముందు గర్వమనిపించింది, తర్వాత దిగులేసింది.

జూలై 15న ఓటు. నలభై ఏళ్ళు ఈ జిల్లా అంతా తవ్వినవాడివి, నీ మాట ఒకటి రాసి పంపు.

మీ బావ మార్టిన్ పోయి నాలుగేళ్ళయినా, మీటింగు నుంచి రాగానే ఆయనకి చెప్పబోతాను. పొలం అమ్ముకుని ఊళ్ళోకి వచ్చిన కొత్తలో ఈ కుళాయి నీళ్ళు చూసి ఇద్దరం మురిసిపోయాం. ఇప్పుడు అవీ పోయేలా ఉన్నాయి.

నీ అక్క
ఆల్వీనా


ఆస్టోరియా, ఒరెగాన్
జూన్ 17

అక్కకి లియో నమస్కారాలు.

ఇక్కడ వాన. నిన్నా వానే. నలభై ఏళ్ళు నీళ్ళ కోసం భూమికి బొక్కలు పెట్టినవాణ్ణి తెచ్చి ఇలాంటి చోట కూర్చోబెట్టారు. మా అల్లుడు తన స్నేహితులకి "మా మామగారు బోర్లు వేసేవారు" అని పరిచయం చేస్తే, వాళ్ళు "ఎందుకూ?" అని అడుగుతారు. నేను కాఫీ తాగుతాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జేకబ్ బీడు బాగా గుర్తుంది. అక్కా, బంకమట్టి అని చూసి మొహం తిప్పుకోకండి. నేలలో గట్టిగా కనిపించేదేదీ నిజంగా గట్టిది కాదు. ఇసుకలో మూడో వంతుకి పైగా సందులే. బంకమట్టిలో అయితే సగం ఖాళీ, ఆ సగం నిండా నీళ్ళే. కావాలంటే హాలోవెల్ గారిని అడుగు, దీన్ని ఆవిడ పోరాసిటీ అంటుంది. నేనెప్పుడో ఒక కాగితం మీద ఏదో రాశానని ఆ చోటు వదిలేయకండి. నేనూ మనిషినే.

ఈ చివరి మాట క్లారా నా భుజం మీదుగా చదివి, పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఒప్పుకున్నారు, పక్కన తేదీ వేయండి అంది.

నీ తమ్ముడు
లియో


సెయింట్ వెండెలిన్
జూన్ 25

లియోకి దీవెనలు. ఈసారి కొంచెం తక్కువ.

నీ ఉత్తరం మీటింగులో చదివాను. "బంకమట్టిలో సగం ఖాళీ, ఆ సగం నిండా నీళ్ళే" అన్నచోట ఆగి, కళ్ళజోడు సవరించుకుని, ఇంకోసారి చదివాను. నా మాటని ఊరు అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. దాంతో నాకు ఊపొచ్చింది. ఎనభై అడుగుల మందం బంకమట్టి, అందులో సగం నీళ్ళు, అంటే బీడు కింద నలభై అడుగుల చెరువు అని లెక్కకట్టి నల్లబల్ల మీద రాశాను కూడా. మేయరు చప్పట్లు కొట్టాడు. బేకరీ రోసాలియా మాత్రం లేచి, కింద సగం ఖాళీ అయితే బడి కుంగిపోదా, పిల్లల్ని పంపొచ్చా అని అడిగింది. కుంగదని నేనే హామీ ఇచ్చాను. ఏ చదువు చదివి ఇచ్చానో నాకే తెలీదు.

అప్పుడు హాలోవెల్ లేచింది. పాపం మంచి మనిషి, నవ్వలేదు. తన పెట్టెలోంచి తడి బంకమట్టి ముద్ద తీసి, జల్లెట్లో వేసి, కింద గ్లాసు పెట్టింది. మేయరు చుట్ట కాలిపోయేదాకా అందరం ఆ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాం. ఒక్క చుక్క రాలేదు. "ఉన్నాయమ్మా నీళ్ళు. ఇవ్వదు" అంది.

ఎడ్విన్ రూప్ ఊరుకుంటాడా, నీ తర్వాత ఈ జిల్లాలో బోర్లన్నీ వాడివేనాయె. ఒరెగాన్ వానకి లియో బుర్ర నానిపోయింది అన్నాడు. గది గదంతా నవ్వింది. ఇప్పుడు అందరూ గిడ్డంగి వెనక చోటుకే మొగ్గారు. తపాలా ఆఫీసులో నా పేరు చెరువు ఆల్వీనా. నిన్న ఒక పెద్దమనిషి, చేపలు పట్టడానికి ఎప్పుడు రమ్మంటారు అని అడిగాడు.

అరవై ఆరేళ్ళు వచ్చి ఇలా నవ్వులపాలయ్యాను. నీ సలహా నీ దగ్గరే పెట్టుకో.

ఆల్వీనా


ఆస్టోరియా
జూలై 1

అక్కకి,

బంకమట్టి నీళ్ళివ్వదని నాకు తెలీదనుకున్నావా? దాని సందులు మరీ సన్నం. ప్రతి చుక్కా గోడకి కరుచుకుని ఉంటుంది, కదలదు. మన ఫిలమీనా అత్తయ్య అలమారు ఉండేది చూడు, నిండా జామ్ సీసాలే, మనకి ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. ఇసుకలో మొత్తం ఖాళీ తక్కువే, కాని సందులు పెద్దవి, ఒకదాన్లోంచి ఒకదాన్లోకి దారి ఉంటుంది. అందుకని ఇస్తుంది. ఎంత పట్టింది అన్నది ఒక లెక్క, ఎంత ఇస్తుంది అన్నది ఇంకో లెక్క. నేను మొదటిది రాసి రెండోది రాయలేదు. తప్పే.

కాని ఆ చోటు మాత్రం వదలొద్దని మళ్ళీ చెబుతున్నాను. ఎందుకని అడగకు. ఆలోచిస్తే ఒకటి తోస్తోంది. ఆ రోజుల్లో నా కాగితాలు టైపు చేసింది నువ్వే కదా. సన్న ఇసుక అని ఉన్నచోట పొరపాటున బంకమట్టి అని పడిందేమో. మనుషులన్నాక జరుగుతుంటాయి. అలా అని చెప్పేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక్కడ వాన తగ్గలేదు. నీ మీద గౌరవమూ తగ్గలేదు.

లియో


సెయింట్ వెండెలిన్
జూలై 5

ఒరేయ్ లియో,

సన్న ఇసుక అని కొట్టబోయి ఏ మీట తప్పు నొక్కితే బంకమట్టి అవుతుందిరా? అదీ వరసగా పదిహేడు గళ్ళలో? మాంసం కూరిన బీరాక్ బన్నులు పొయ్యిలో మాడిపోతున్నా లేవకుండా, వంటింటి బల్ల మీద, నీ కాగితాలు ఉత్తిపుణ్యానికి టైపు చేసి పెట్టాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

నీ పెన్సిలు కాగితం కూడా నా దగ్గరుంది. ఇప్పుడే తీసి చూశాను. బంకమట్టి, నీ చేత్తో, నీ వంకర రాతలో. ఎవరికీ ఇబ్బంది ఉండదట. నేనంటే నీకు ఎవరూ కాదన్నమాట.

నువ్వేదో దాస్తున్నావు. ఓటు పదిహేనున. ఈ ఊరు బతకడమా, ఖాళీ కావడమా అన్నది ఒక్క బోరు మీద ఉంది. నిజం చెబితే చెప్పు, లేదా నోరు మూసుకో.

ఆల్వీనా


ఆస్టోరియా
జూలై 8, ప్రత్యేక తపాలా

అక్కా,

నోరు తెరుస్తున్నాను. ఈ కథంతా నోటి గురించే.

1951 ఫిబ్రవరిలో విచిటాలో నాకు పిత్తాశయం ఆపరేషన్ అయిందని చెప్పాను కదా. నా పిత్తాశయం ఇప్పటికీ నాలోనే ఉంది, భేషుగ్గా పనిచేస్తోంది. విచిటాలో తీసేసింది పళ్ళు. పై వరసా, కింది వరసా, మొత్తం. నాకప్పుడు ముప్ఫై తొమ్మిది. అందగాణ్ణని పేరు. కట్టుడు పళ్ళంటే పరువు పోతుందని పిత్తాశయం అన్నాను. క్లారాకి తప్ప ఎవరికీ తెలీదు.

తోడే గొట్టం పైకి తెచ్చిన బురదని చూసి ఏ నేలో చెప్పాలి. గులక కంటికి కనిపిస్తుంది. ముతక ఇసుక వేలికి తెలుస్తుంది. సన్న ఇసుకా బంకమట్టీ బురదలో కలిసి వస్తే మాత్రం కంటికి రెండూ ఒకటే. ఇక నా వేళ్ళంటావా, ఇనప తాడు పట్టి పట్టి కాయలు కాసి మొద్దుబారాయి. అలాంటప్పుడు తీర్పు పంటిది. చిటికెడు ముందు పళ్ళ మధ్య పెట్టి నూరితే, కరకరమంటే ఇసుక, జారితే మట్టి. నాన్న మనకి నేర్పింది అదే.

కట్టుడు పళ్ళ కింద ఇసుక పడితే చిగుళ్ళు కోసుకుపోతాయి. అందుకని ట్రక్కు వెనక్కి వెళ్ళి, వీపు తిప్పి, పళ్ళు తీసి జేబులో వేసుకుని, చిగుళ్ళతో నమిలేవాణ్ణి. చిగుళ్ళకి అంతా వెన్నే. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడు అంటారు చూడు, నేను అక్షరాలా అదే. జనం చూసి, లియో ప్రార్థన చేసుకుంటున్నాడని టోపీలు తీసేవాళ్ళు. ఆ టోపీలు చూశాక ఇక చెప్పే ధైర్యం రాలేదు.

జేకబ్ బీడులో పొద్దున్నే అందరి ముందూ బంకమట్టి అని చెప్పేశాను. భోజనం చేసి వచ్చేసరికి బోరులో దించిన కేసింగు గొట్టంలోకి కింది నుంచి అదే బురద పదడుగుల ఎత్తు పొర్లుకొచ్చి ఉంది. బంకమట్టి పొర్లదక్కా. పొర్లేది నీళ్ళతో నిండిన సన్న ఇసుకే. అప్పుడే అర్థమైంది. అర్థమయ్యాక కూడా, పొద్దున అన్న మాట వెనక్కి తీసుకోలేక, బంకమట్టి అనే రాశాను.

బీడులో వేయించండి. సన్న ఇసుక గులక అంత ధారాళంగా ఇవ్వదు, కాని ఎనభై అడుగుల మందం ఉంది, మెల్లగా ఏళ్ళ తరబడి ఇస్తుంది. పళ్ళ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. నమూనా డబ్బాలు తారుమారయ్యాయని చెప్పు. నీ టైపు మీద అన్న మాటకి చెంపలేసుకుంటున్నాను.

లియో


సెయింట్ వెండెలిన్
జూలై 16

లియో,

నిన్నటి మీటింగులో లేచి, డబ్బాలు తారుమారయ్యాయని చెప్పాను. ఏ డబ్బాలు అన్నాడు ఎడ్విన్. నమూనా డబ్బాలన్నాను. దేనితో తారుమారు అయ్యాయన్నాడు మేయరు. ఇంకో ఊరి డబ్బాలతో అన్నాను. ఏ ఊరు అంది హాలోవెల్. నేను డెన్వర్ అన్నాను. నా నోటికి ఆ ఊరు ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. ఇంకో నిమిషం ఆగితే గిడ్డంగి వెనక చోటు ఖాయం చేసేసేవారు.

అందుకని నీ ఉత్తరం తీసి మొత్తం చదివేశాను. విచిటా, పళ్ళు, చిగుళ్ళు, టోపీలు, అన్నీ. తిట్టుకో. ఊరా నీ పళ్ళా అంటే నాకు ఊరే ముఖ్యం.

చదవడం అయ్యాక ఎడ్విన్ వైపు చూశాను, ఇక వీడు ఎంత కూస్తాడో అని. వాడు మెల్లగా లేచి, జేబురుమాలు తీసి, నోట్లోంచి పై వరస ఊడదీసి మేయరు ముందు బల్ల మీద పెట్టాడు. "నాదీ అంతే. 1963 నుంచి" అన్నాడు. పళ్ళు లేకుండా అన్నాడు కనక రెండోసారి అంటేగాని అర్థం కాలేదు. గిడ్డంగి వెనక పరీక్ష చేసింది వాడేనట, అంటే ఆ కాగితానికీ పూచీ లేదు. ఓట్లు ముప్ఫై నాలుగు, పంతొమ్మిది. బీడు గెలిచింది.

హాలోవెల్ తన దగ్గర జల్లెళ్ళున్నాయి, యంత్రాలున్నాయి, కొరకక్కర్లేదు అంటుంది. అయినా మనవాళ్ళు ఊరి తరఫున ఎవరో ఒకరు కొరకాల్సిందే అన్నారు. సొంత పళ్ళు ముప్ఫై ఒకటి ఉన్నది నాకొక్కదానికే అని తేలింది. గుమస్తా పనిలో ఇప్పుడు ఇదీ చేరింది.

ఇంకొకటి. నీ పిత్తాశయం కోసం ఇరవై మూడేళ్ళుగా ప్రతి నెలా కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. నీ పళ్ళు రాలగొడదామంటే ఆ అవకాశం కూడా లేకుండా చేశావు.

ఆల్వీనా


ఆస్టోరియా
జూలై 22

అక్కకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కారణం పళ్ళు కాదు. ఆ గదిలో నాకు తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు. నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని టోపీలు తీసినవాళ్ళు సగంమంది అక్కడే కూర్చుని ఉంటారు.

క్లారా మాత్రం హాయిగా ఉంది. ఇరవై మూడేళ్ళు దాచి దాచి అలిసిపోయిందట. నిన్న మా అల్లుడికి చెప్పేసింది. వాడు తన స్నేహితులకి చెప్పాడు. ఇప్పుడు "ఎందుకూ?" అని ఎవరూ అడగడం లేదు, కూర్చోబెట్టి కథ చెప్పమంటున్నారు.

బోరు వేసేటప్పుడు తొంభై అడుగుల దగ్గర జాగ్రత్తగా కొరుకు. మింగకు.

లియో


సెయింట్ వెండెలిన్
ఆగస్టు 18

తమ్ముడు లియోకి నిండు దీవెనలు.

నీళ్ళు పడ్డాయి. తొంభై నాలుగు అడుగుల దగ్గర ఎడ్విన్ ఒక చిటికెడు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఊరంతా బీడులో నిలబడి నా నోటి వంక చూస్తోంది. ముందు పళ్ళ మధ్య పెట్టి నూరాను. కరకరమంది. "ఇసుక" అన్నాను. రోసాలియా ఏడ్చేసింది. నాకూ ఏడుపు వచ్చిందిగాని నోట్లో ఇసుకతో ఏడవడం అంత సులువు కాదు.

సన్నటి జాలీ గొట్టం దించి, చుట్టూ గులక పోసి, రెండు రోజులు ఏకబిగిన పంపు ఆడించారు. నిమిషానికి యాభై ఐదు గ్యాలన్లు, దగ్గు లేదు. మన ఊరికి అది చాలు, ఎక్కువే. హాలోవెల్ తన జల్లెట్లో పోసి చూసి, మీ పళ్ళూ నా జల్లెడా ఒకే మాట చెబుతున్నాయి అంది. ఇళ్ళ ముందు అమ్మకం బోర్డుల్లో ఒకటి పీకేశారు. రెండోవాళ్ళు ఆలోచిస్తున్నారు.

అందరూ నీ పేరు తలుచుకున్నారు. మంచిగానే.

ఒక్క మాట అడగాలి. ఆ ఇసుక నాలుక మీద ఉండగానే తట్టింది, వారం రోజులుగా వదలడం లేదు. మా పొలంలో నువ్వు బోరు వేసింది 1954 జూలైలో. మీ బావ నిన్ను పిలిపించిన ఎండాకాలం. బంకమట్టి అన్నావు, మేం పొలం అమ్మేశాం. అది నీ పళ్ళు పోయిన మూడేళ్ళకి.

చెప్పు.

ఆల్వీనా


ఆస్టోరియా
ఆగస్టు 26

అక్కకి,

అవును. పళ్ళు పోయాకే.

జూన్‌లో మొదటి ఉత్తరం అందిన రోజునే నాకు తట్టింది ఈ సంగతి. జేకబ్ బీడు గురించి వంకర టింకరగా రాస్తూ పోయింది అందుకే. ఆ తీగ లాగితే ఇది బయటపడుతుందని భయం.

పొలంలో తొంభై రెండు అడుగుల దగ్గర ట్రక్కు వెనక్కి వెళ్ళాను, చిగుళ్ళతో నమిలాను, ఏమీ తెలియలేదు. తిరిగి వచ్చి బావకి బంకమట్టి అని చెప్పాను. బావ నన్ను మూడుసార్లు అడిగాడు. ఖాయమేనా లియో, ఇంకా కిందికి వెళ్ళక్కర్లేదా అని. ఖాయం బావా అన్నాను మూడుసార్లూ. నూట పది దగ్గర ఆపేశాను. బావ మొహం నాకింకా కళ్ళముందే ఉంది. ఆ తర్వాత బావ పదహారేళ్ళు గిడ్డంగిలో కాటా దగ్గర ధూళి మింగుతూ కూర్చున్నాడు. నేను ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా బావ నా భుజం తట్టి కాఫీ ఇప్పించేవాడు, ఆ కాఫీ సగంలో వదిలేసి లేచిపోయేవాణ్ణి. బావ అంత్యక్రియల్లో శవపేటిక మోసినవాళ్ళలో నేనొకణ్ణి. బావకి చెప్పాల్సిన మాట చెప్పకుండానే మోశాను.

బావ ఆత్మ నన్ను క్షమించాలని రోజూ వేడుకుంటున్నాను. రైతుని రైతు కాకుండా చేశాను. ఇంతకన్నా రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

లియో


సెయింట్ వెండెలిన్
సెప్టెంబరు 14

లియో,

ఆలస్యంగా రాస్తున్నాను. మూడు వారాలు నీ మీద కోపంతో గడిచాయి, ఇంకా పూర్తిగా పోలేదు.

ముందు మీ బావ సంగతి. మార్టిన్‌కి సేద్యమంటే అసహ్యం. ఆవుల వాసన పడదు, గాలి పడదు, ట్రాక్టరు ఎక్కితే నడుము పట్టేస్తుంది. నిన్ను మూడుసార్లు అడిగింది ఇంకా కిందికి వెళ్ళమని కాదురా, ఇక వెళ్ళక్కర్లేదని రూఢి చేసుకోవడానికి. నువ్వు ఖాయం అన్నాక వంటింట్లోకి వచ్చి, టోపీ గోడకేసి కొట్టి, నన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. గిడ్డంగిలో నీడ, కుర్చీ, రేడియోలో బేస్‌బాల్. ఆ పదహారేళ్ళు ఆయన బతుకులో మంచి రోజులు. నీకు ఇప్పించిన కాఫీ కృతజ్ఞతతో ఇప్పించింది. నువ్వు ఇన్నేళ్ళు దిగమింగిన బాధ ఉత్తిదే. నవ్వు వస్తే నవ్వుకో. నేను చదువుతూ కొంచెం నవ్వాను.

ఇప్పుడు రెండోది. నిన్న జిల్లా రికార్డు ఆఫీసుకి వెళ్ళాను. మా పొలం కొన్న కోన్ వాళ్ళు 1966లో బోరు వేయించారు. తొంభై రెండు నుంచి నూట నలభై దాకా సన్న ఇసుక, నిండా నీళ్ళు. అంతెత్తు మొక్కజొన్న. ఎనిమిదేళ్ళుగా ఆ దారిన పోయినప్పుడల్లా ఆ పచ్చదనం చూస్తున్నాను. వాళ్ళు ఇంకెంతో లోతుకి పోయి ఉంటారు, మన లియో తప్పు చెప్పడు అనుకునేదాన్ని.

లియో, ఆ పొలం నాన్న నాకిచ్చింది. నాకు ఇష్టమైంది. నాగలి పట్టిందీ, ట్రాక్టరు నడిపిందీ నేను. అమ్మొద్దని నెల రోజులు మార్టిన్‌తో పోట్లాడాను. బంకమట్టి అన్నది నా తమ్ముడు కనక నోరు మూసుకున్నాను, వేరే ఎవరన్నా అయి ఉంటే ఇంకో రిగ్గు తెప్పించేదాన్ని. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు గుమస్తా కుర్చీలో కూర్చుని, వాన పడిన ప్రతిసారీ, ఇవాళ విత్తేదాన్ని కదా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నీ ఉత్తరంలో "బావ" అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. కూర్చుని లెక్కపెట్టాను. నేను పైన "అక్కకి" అన్నచోట తప్ప ఎక్కడా లేను. క్షమాపణ చెప్పావుగాని తప్పు మనిషికి చెప్పావు. మళ్ళీ రాయి.

ఆల్వీనా


ఆస్టోరియా
సెప్టెంబరు 21

అక్కా,

నాలుగు ఉత్తరాలు రాసి చించాను. నాకు బోరు కాగితం రాయడం తప్ప ఇంకేదీ చేతకాదు. అది కూడా చేతకాదని ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా అదే రాశాను. అసలు కాగితం జిల్లా రికార్డు ఆఫీసుకి పంపాను. ఇది నకలు.

బోరు కాగితం: సవరణ

వేసిన తేదీ: 1954 జూలై 20.

స్థలం: సెయింట్ వెండెలిన్‌కి ఉత్తరాన ఐదు మైళ్ళు, కొట్టానికి తూర్పున నలభై అడుగులు.

యజమాని: ఆల్వీనా ఫైఫర్. మొదటి కాగితంలో మార్టిన్ ఫైఫర్ అని రాశాను. తప్పు.

0 నుంచి 4 అడుగులు: నల్లమట్టి, మంచిది.

4 నుంచి 92: ఒండ్రు, సున్నపు గడ్డలు, పొడి.

92 నుంచి 110: సన్న ఇసుక, నీళ్ళతో నిండినది. మొదటి కాగితంలో బంకమట్టి అని రాశాను. తప్పు.

110 కింద: తవ్వలేదు.

కారణం: ఇంకా తవ్వాలా అని యజమానిని అడగలేదు. ఆవిడ మొదటి నుంచీ అక్కడే ఉంది, కొట్టం గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తోంది.

సంతకం: లియో వీగల్, బోర్లు వేసేవాడు.